గోరి విడవని కంచం

బరువు గురించి గోరితో మాట్లాడాలంటే కాస్త దూరంగా నిలబడి మాట్లాడాలి. మణుగూరు దగ్గర బొగ్గు గనిలో దుమ్ము లేవకుండా దారులు తడిపే నీళ్ల ట్యాంకర్ నడుపుతుంది ఆమె. ఆడదానికి ఆ బండి ఎందుకని నవ్విన వాళ్లే ఇప్పుడు ఆమె ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు. అక్కడే హాజరు పని చూసే ఆమె స్నేహితురాలిని నేను. అది చూస్తే నాకు కడుపు నిండుతుంది.

కిందటి వేసవిలో గని దవాఖానా డాక్టర్ ఆమెకు బీపీ పెరిగిందన్నాడు. వానాకాలంలో జరిగే వైద్య పరీక్షకల్లా బరువు తగ్గకపోతే బండి దింపేస్తానన్నాడు.

"ఆఫీసుల కుర్చీ ఇస్తరంట! నేనేమన్న ముసలిదాన్నా?" అని నా మీద మండిపడింది, ఆ కుర్చీ నేనే తెచ్చినట్టు.

ఫోన్‌లో కేలరీల లెక్క మొదలుపెట్టింది. లెక్క తప్పేది కాదు. తినేది మాత్రం క్యాంటీన్ బిస్కెట్లు, ఎగ్‌పఫ్‌లు.

"లెక్కల ఉన్నది కదా, ఏం తింటే ఏంది?" అనేది. మధ్యాహ్నానికి ఆకలితో కళ్లు తిరిగేవి.

తండాలో వాళ్లింటి ఆడవాళ్లంతా ఒకే పెద్ద కంచం చుట్టూ కూర్చుని తింటారు. ఎవరెంత తిన్నారో ఎవరికీ తెలియదు. ఫోన్‌కు ఏం చెప్పాలో తోచక గోరి వేరే ప్లేటు పెట్టుకుంది. ఆ పూట అత్త చాంది ముద్ద ముట్టలేదు.

"కంచం ఇడిసినవంటే మమ్మల్ని ఇడిసినట్టే. జొన్నరొట్టె తిని లావైనోళ్లు మన తండాల ఉన్నరా?"

"ఉన్నరు. నీ ముందే కూసున్న."

అయినా మళ్లీ కంచం దగ్గరికే వచ్చింది. బిస్కెట్లు మానేసి రొట్టె, పప్పు, ఆకుకూర పట్టుకుంది. కళ్లు తిరగడం పోయింది. బరువు మాత్రం కదల్లేదు. మాటల మధ్యలో చాంది రొట్టె మీద రొట్టె వేసేది, వద్దంటే అలిగేది. చివరికి గోరికి ఫోన్ మీదా అత్త మీదా ఒక్కసారే కోపం వచ్చింది.

"ఏం తింటున్ననో దానికి పట్టది, ఎంత తింటున్ననో నీకు పట్టది! ఈ కంచం ఇడువ, ఆ బండీ ఇడువ. రొట్టెల కుప్ప తగ్గాలె, అంతే!"

ఆ రోజు నుంచి కంచంలో సగం కూరే. చాంది అదనంగా వేసిన రొట్టెను తీసి చాంది చేతిలోనే పెట్టేది. అత్తాకోడళ్లకు చాన్నాళ్లు మాటల్లేవు. చేతులు మాత్రం ఒకే కంచంలో ఉండేవి.

పరీక్ష రోజు డాక్టర్ బీపీ చూసి తలూపాడు. తూకం చూసి, "తగ్గావు. ఇంకా తగ్గాలి," అన్నాడు.

"తగ్గుత సార్. బండి మీద కూసునే తగ్గుత."

ఆయన నవ్వి సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం కంచం చుట్టూ నాకూ చోటిచ్చారు. సంతోషం పట్టలేక చాంది గోరి ముందు ఇంకో రొట్టె వేసింది. అందరి చేతులూ ఆగిపోయాయి. గోరి అత్త వైపు చూసింది. చాంది గొణుక్కుంటూ ఆ రొట్టె తీసి నా ముందు పెట్టింది.

"అది బండి నడపాలె. నువ్వు తిను బిడ్డా."