ఊది చూసే హ్యారియెట్

బొచ్చు కనిపిస్తే హ్యారియెట్ ఊదకుండా ఉండలేదు. ఆమె చిన్నతనంలో నది ఒడ్డు కొట్టులో తోళ్లు కొనే దొర, నాన్న నీళ్లలో వేటాడి తెచ్చిన ప్రతి బీవర్ జంతువు తోలునూ ఊది, అడుగు బొచ్చు ఒత్తుగా ఉంటేనే తలాడించేవాడు. ఆ కొట్టు మూతబడి ఏళ్లయినా, కుక్కపిల్లనైనా కొత్త చేతితొడుగునైనా ఆమె పెదవులు సున్నాలా చుట్టి ఊదాల్సిందే. నిన్న మధ్యాహ్నం చిన్న విమానంలో చెల్లెలు లూయిసా పట్నం ఆసుపత్రి నుంచి తిరిగొచ్చింది. క్యాన్సర్ మందులకు వసంతంలోనే ఆమె జుట్టంతా రాలిపోయింది. హ్యారియెట్ చెల్లెలి ఉన్ని టోపీ తీసి, నెత్తిమీద కొత్తగా మొలుస్తున్న నూగును మెల్లగా ఊదింది.

"నన్నూ అమ్మేస్తావా ఏంటక్కా?" అంది లూయిసా.

"నిన్నెవరు కొంటారే? కదలకు." మళ్లీ ఊదింది. "అడుగు నుంచి ఒత్తుగా వస్తోంది. ఈ చలికాలానికి నీకేం భయం లేదు."

మూడోసారి ఊదబోతే పెదవులు కుదురుగా నిలవలేదు.