గది వేడి అంటే ఎంత?

నాంపల్లి స్టేషన్‌కు రెండు సందుల అవతల, మేడ మీది చిన్న ల్యాబులో వనిత పదకొండేళ్లుగా టెక్నీషియన్. వయసు మీదపడేకొద్దీ నెత్తురులోని ప్రొటీన్లు ఎలా మారతాయో చూసే పరిశోధన అక్కడ నడుస్తోంది. ముసలివాళ్ల దగ్గర నెత్తురు తీయడం, అరగంట బల్లమీద ఉంచడం, పైన తేరిన తేటను ఫ్రీజర్లో పెట్టడం ఆమె పని. చేసేది ఆమె, అచ్చయ్యే పరిశోధన వ్యాసాల్లో పేర్లు ఇంకెవరివో. లోకరీతి, కొత్తేముంది!

ఐదు ఊళ్ల ల్యాబులు తమ ఫలితాలన్నీ ఒకచోట కలుపుదామనుకున్నాయి. తీరా చూస్తే ఒక్కొక్కరిది ఒక్కో తీరు రాత. అందరికీ ఒకే ఫారం తయారుచేయడానికి వీడియోలో కూర్చున్నారు. తొలి మీటింగులోనే పిడుగు పడింది. హైదరాబాదు నమూనాలకు మిగతా ఊళ్లతో పొంతనే లేదట.

"మీ దగ్గర పని శుభ్రంగా లేనట్టుంది. మీ నమూనాలు రెండువందల పన్నెండూ తీసేద్దాం," అన్నాడు వేరే ఊరి పెద్దాయన ఒకడు.

వనిత కుర్చీలోంచి లేచింది. మూడేళ్ల కష్టం! ఎండలో గల్లీ గల్లీ తిరిగి, కాళ్లావేళ్లా పడి తెచ్చిన నెత్తురు. అందులో ఒక గొట్టం కన్నతల్లి కిష్టవ్వది కూడా.

"సార్, జర ఆగమని చెప్పున్రి," అంది ల్యాబు పెద్ద సదాశివతో. "అందరం 'గది వేడిల అరగంట' అని రాస్తున్నం గదా. ఏ గది సార్? వాళ్లకు ఏసీ ఉంటది. మనకు మే నెలల కరెంటు పోతే గీ గది కొలిమే."

సదాశివ నెత్తి పట్టుకున్నాడు. "గప్పుడు ఎంత వేడి ఉండెనో ఇప్పుడెట్ల చెప్తం వనితా? ఎవరు రాసుకున్నరు?"

"నేను రాసుకున్న సార్."

సొరుగులోంచి డైరీ తీసింది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత డైరీ. ఎవరూ అడగకపోయినా, ప్రతి గొట్టానికీ ఆ పూట గోడ థర్మామీటరు చూపిన డిగ్రీలు అందులో ఉన్నాయి. ఇది చదువు నేర్పిన బుద్ధి కాదు. కిష్టవ్వ ముప్పై ఏళ్లు సుల్తాన్ బజార్లో పెరుగు అమ్మింది. అవే పాలు, అదే తోడు. ఎండాకాలం మూడు గంటలకే పులుస్తుంది, చలికాలం తెల్లారినా తోడుకోదు. ఆ ఇంట్లో పుట్టిన పిల్ల 'గది వేడి' అన్న మాటను నమ్ముతుందా!

డిగ్రీల వారీగా విడదీస్తే సంగతి తేలింది. నూట డెబ్బై ఒకటి మిగతా ఊళ్లతో చక్కగా కలిశాయి. ఎండాకాలంలో తీసిన నలభై ఒకటి మాత్రం నిజంగానే చెడ్డాయి. మావాళ్లూ డిగ్రీలు రాయలేదని, తీసేద్దామన్న పెద్దాయనే ఒప్పుకున్నాడు. ఫారంలో 'గది వేడి' కొట్టేసి 'ఎన్ని డిగ్రీలు, ఎన్ని నిమిషాలు' అని పెట్టారు.

తీసేయాల్సిన గొట్టాల జాబితా మీటింగులో వనితే చదివింది. ఒకచోట ఆగింది. మే పంతొమ్మిది, ముప్పై తొమ్మిది డిగ్రీలు. అమ్మది. సూదంటే హడలిపోయే మనిషి, బిడ్డ మాట తీసేయలేక చెయ్యి చాపింది. ఆ ఒక్కటీ చదవకుండా దాటేస్తే అడిగేవాడు లేడు. అయినా చదివేసింది.

సాయంత్రం గౌలిగూడ కిరాయింట్లో చెప్పలేక చెప్పింది. "అవ్వా, నీ నెత్తురు పారబోసిన."

బియ్యం ఏరుతున్న కిష్టవ్వ తల ఎత్తలేదు. "చెడిపోతే పారబొయ్యక ఏం జేస్తవే? పులిసినదాన్ని కమ్మగుందని నేనెన్నడన్న అమ్మిన్నా?"

వనిత కళ్లు తుడుచుకుంది. కిష్టవ్వ చాట పక్కనపెట్టి కొంగు సవరించుకుంది.

"చలికాలం రానియ్యి, మల్ల గుచ్చుదువు. మెల్లగ గుచ్చు."