దేవదానం అంకుల్ తప్పుగా చెప్పిన సాక్ష్యం

నిన్న క్లాస్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. దేవదానం అంకుల్ ఇక లేరని.



ఆయన నాకు అప్పగించిన పనిని వాయిదా వేస్తూ వచ్చాను. అందుకే ఇవాళ మన చర్చి గ్రూపులో రాయక తప్పదు.

చదువుకోవడానికి అమెరికా వచ్చి, అరోరాలో రెండేళ్లుగా వాళ్లింట్లోనే అద్దెకుంటున్నాను. మా ఇంట్లో చదువుకున్న మొదటిదాన్ని నేనే. అది తెలిసినప్పటి నుంచి, ఏ ఉత్తరం వచ్చినా నా చేతే చదివించుకునేవారు.

పోయిన నెల టీ తాగుతూ, ఎనభైల నాటి ఒక ఆదివారం గురించి చెప్పారు.

అప్పట్లో మన తెలుగు చర్చి ఆరాధన ఒక అద్దె బేస్‌మెంట్‌లో. పాట్‌లక్ భోజనాలు అయ్యాక వీసీఆర్‌లో యుద్ధకాలపు ఫుట్‌బాల్ సినిమా వేశారు. ఖైదీలు జర్మన్లతో ఆడి, చివర్లో జనంలో కలిసి తప్పించుకుంటారు.

సినిమా అవగానే పిల్లలు బంతి పట్టుకుని పార్కింగ్ లాట్‌లోకి పరుగు. వాళ్ల వెనకే తల్లిదండ్రులు.

హాల్లో మిగిలింది ఇండియా నుంచి వచ్చిన, ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు. ముందు వరుసలో అంకుల్ వాళ్లమ్మగారు. చిన్నకొడుకు పోయి ఏడాది కాలేదు. ఆ రోజే మొదటిసారి నవ్వారట.

అంకుల్‌తో ఫ్యాక్టరీలో పనిచేసే పెట్రో కూడా వచ్చాడు. అతనిది ఉక్రెయిన్‌లోని కీవ్. ఆ సినిమా కథకి మూలమైన ఆట జరిగింది ఆ ఊళ్లోనే. మన చర్చి అలవాటు ప్రకారం పెట్రోని సాక్ష్యం చెప్పమన్నారు. దాన్ని అంకుల్ తెలుగులోకి మార్చి చెప్పాలి.

పెట్రో అన్నది ఇదీ: "ఎవరూ తప్పించుకోలేదు. గెలిచి ఇళ్లకి వెళ్లారు. తర్వాత జర్మన్లు వచ్చి పట్టుకెళ్లారు. కొందరిని క్యాంపులో కాల్చేశారు. గెలిచినందుకేనా? నాకు తెలియదు. మా వీధి అతను మాత్రం తిరిగి రాలేదు."

అంకుల్ వాళ్లమ్మ ముఖం చూశారు.

"అందరూ క్షేమంగా ఇల్లు చేరారట" అన్నారు.

"స్తోత్రం!" అని చప్పట్లు కొట్టారు అందరూ.

పెట్రోకి తెలుగు రాదు. చప్పట్లు అర్థమయ్యాయి.

"ఏం చెప్పావ్, దేవ్?"

అంకుల్ వీసీఆర్‌లోంచి క్యాసెట్ తీయబోయారు. పెట్రో టోపీ తీసుకుని, బయట ఆడుతున్న కూతుర్ని పిలుచుకుని వెళ్లిపోయాడు. కొన్నాళ్లకి ఊరే మారిపోయాడు.

అదంతా చెప్పి, టీ కప్పు దించి అన్నారు: "చచ్చినవాళ్ల సాక్ష్యం మింగేశానమ్మా. నువ్వు సరిగ్గా రాసి, అందరి ముందూ చదువు."

"ఎగ్జామ్స్ అయ్యాక రాస్తానంకుల్."

"సర్లే. నేనెక్కడికి పోతాను?"

అంకుల్, శనివారం మీ అంత్యక్రియల సర్వీస్‌లో పెట్రో మాటలు ఉన్నవి ఉన్నట్టు చదువుతాను. ఇక ఆ బరువు దించి నిద్రపోండి.

ఆ రోజు పార్కింగ్ లాట్‌లో బంతాడిన పిల్లలూ, ఇప్పుడు పెద్దవాళ్లయిన మీలో ఎవరికైనా పెట్రో కూతురి ఆచూకీ తెలిస్తే శుక్రవారం సాయంత్రంలోగా నాకు చెప్పండి. ఆమె వినేలా చదవాలి.