బిగబట్టిన ఊపిరి

అరవైల చివర్లో నేను జువాలజీ ఎమ్మెస్సీ చదువుతున్నాను. క్యాంపస్‌లో నా చదువు కంటే నా ఊపిరి గురించే ఎక్కువ చెప్పుకునేవారు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మా తాత చిన్నప్పటి నుంచి నాతో ప్రాణాయామం చేయించాడు. నేను కుంభకం పట్టి ఊపిరి బిగబడితే హాస్టల్ వాళ్లు గడియారం పట్టుకుని చుట్టూ మూగేవారు. నాకు ఒళ్లంతా పొగరే.

ఆ ఏడాది సముద్రం అడుగున జీవులను సేకరించడానికి మా డిపార్ట్‌మెంట్ నుంచి ఒకరిని విశాఖ పంపాలనుకున్నారు. ఎవరు వెళ్లాలో తేల్చేది తార్నాకలో ఉండే ఒక మాజీ నేవీ డైవర్. ఆయనది విశాఖే. మేమంతా సార్ అనేవాళ్లం. నేను అప్పటిదాకా సముద్రం చూడనేలేదు. ఎలాగైనా నేనే వెళ్లాలి.

స్విమ్మింగ్ పూల్‌లో లోతు ఎక్కువున్న వైపు పరీక్ష. వీపుకు గాలి సిలిండర్ కట్టి సార్ చెప్పింది ఒక్కటే. "పీలుస్తూ ఉండు, వదులుతూ ఉండు. బిగబట్టావో, నేనే చంపేస్తాను."

నాకంటే ముందు దిగినవాడు రోజూ దండీలు తీసి కండలు పెంచిన మనిషి. కంగారులో గబగబా పీల్చి సిలిండర్ సగం ఖాళీ చేశాడు. నేను గాలి ఆదా చేసి అందరి నోళ్లూ మూయిద్దామనుకున్నాను. అడుగుకు వెళ్లి, నిండుగా పీల్చి, కుంభకం పట్టాను. అలాగే పైకి బయల్దేరాను.

బుడగలు ఆగిపోవడం చూసి సార్ ప్యాంటూ చొక్కాతోనే దూకేశారు. పొట్టలో ఒక్క గుద్దు గుద్దితే గాలంతా బయటపడింది. అడుగున పీల్చిన గాలి పైకొచ్చేకొద్దీ ఉబ్బుతుందట. బిగబడితే ఊపిరితిత్తులు చిరుగుతాయట.

"నీకేవైనా అయితే మీ ఇంట్లోవాళ్లకి నేనేం చెప్పాల్రా?" అన్నారు.

విశాఖ వెళ్లే సీటు అడిక్‌మెట్‌లో ఉండే నా స్నేహితుడికి పోయింది. వాడికి నీళ్లంటే భయం, కానీ చెప్పినట్టు పీల్చి వదిలాడు. నేను ఇంటికెళ్లి, నీ కుంభకం వల్లే పోయిందని తాత మీద విరుచుకుపడ్డాను.

తాత నవ్వాడు. "నేను కుంభకం ఒక్కటే నేర్పిన్నా? ఊపిరి మెల్లగ ఇడుసుడు ఎన్ని నెలలు చేయించిన, యాదికున్నదా? బిగబడితే నలుగురు శభాష్ అంటరు. ఇడుస్తే ఎవ్వరు చూస్తరు? అందుకే అది పక్కకు వెట్టినవ్."

నిజమే. తల తీసేసినట్టయింది. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే తార్నాక వెళ్లి, సార్ ఇంటి వరండాలో కూర్చుని ఊపిరి వదలడం సాధన చేశాను. సార్ పేపర్ చదువుకుంటూనే "ఇంకా మెల్లగా" అనేవారు. వాళ్లావిడ కాఫీ ఇచ్చేది.

మరుసటి ఏడాది సార్ తనే నన్ను విశాఖ తీసుకెళ్లి సముద్రంలో దింపి, వెంట తానూ దిగారు. పైకి వస్తూ పక్కకు చూశాను. చుట్టూ అన్ని చేపలుంటే ఆయన ఒక్కదాన్నీ చూడటం లేదు. నేను గాలి వదులుతున్నానో లేదోనని నా నోటినే చూస్తున్నారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే ఊపిరి వదిలాను.