కళ్లం చుట్టూ ముళ్లకంప

మా ఊరికి బస్సు కావాలని అర్జీ రాసింది నేనే. అప్పుడు నేను తమిళనాట సింగానల్లూరు దగ్గర ఒక నూలు మిల్లులో గుమాస్తాను. ఊళ్లో జనం తక్కువని మొదటి అర్జీ తిరిగొచ్చింది. ఊరిపెద్ద మా మేనమామే. మేనల్లుణ్ణని నన్ను మాప్పిళ్ళే అని పిలిచే ఆయనే ఉపాయం చెప్పాడు.

"వాగు పక్క చివరి వీధిని కూడా ఎంచు మాప్పిళ్ళే. వాళ్లూ మన తెలుగే కదా మాట్లాడేది."

"ఇన్నాళ్లూ ఆ వీధి మన ఊరే కాదంటివే మామా?"

"బస్సుకి చేర్చమంటిని. గుడికి చేర్చమంటినా?"

రెండు ఆదివారాలు ఆ వీధిలో ఇంటింటికీ తిరిగి డైరీలో రాసుకున్నాను. పెద్దలకు గీత, పిల్లలకు చుక్క. మొదటి ఇంటి ఆమె మా మిల్లులోనే నూలు చిలపలు చుట్టే రీలింగులో పనిచేసేది. చంకలో నెలల బిడ్డ.

"దీన్ని కూడా ఎంచుతారా సామీ? రేపు టికెట్టు అడుగుతారేమో!" అని నవ్వింది. వెంటనే, "బస్సు యాడ నిలుస్తాది?" అని అడిగింది.

ఆ వీధికి ఎదురుగానే మామ కళ్లం. బస్సు తిరగడానికి అంత అనువైన చోటు ఇంకొకటి లేదు. తాడు పట్టి కొలిచి, పటం గీసి అర్జీకి జతచేశాను. "కళ్లంలో తిరుగుతుంది. మీ వాకిట్లోనే ఎక్కొచ్చు" అన్నాను.

అప్పటిదాకా ఆ వీధిలో మిల్లుపని ఉన్న కొద్దిమంది కళ్లానికి అడ్డంపడి రోడ్డెక్కి, మొదటి షిఫ్టుకు నడిచి వెళ్లేవాళ్లు. మావాళ్లు సంగు అనే మిల్లు కూత ఆగేలోపు గేటు దాటకపోతే ఆ రోజు పని లేదు. బిడ్డ పుట్టాక ఆమె రెండుసార్లు గేటు నుంచి వెనక్కి వచ్చింది. మూడోసారి ఆలస్యమైతే పేరు కొట్టేస్తామన్నారు. అందుకే వేలిముద్ర అందరికంటే ముందు ఆమే వేసింది. ఆమెను చూసి వీధంతా వేసింది.

ఈసారి లెక్క సరిపోయింది. దారి చూడడానికి అధికారి వస్తున్నాడని జాబు వచ్చింది. ఆయన వచ్చే ముందురోజు కళ్లం చుట్టూ ముళ్లకంప లేచింది.

అధికారి నా పటం పట్టుకుని ఆ కంప ముందు నిలబడ్డాడు.

"ఇక్కడ చోటు చాలదు సార్. మా ఇంటిముందు పందిరి తీసేయించాను, అక్కడ తిప్పుకోవచ్చు" అన్నాడు మామ తమిళంలో.

"కొలిచింది నువ్వేనా? ఏమంటావు?" అని అధికారి నన్నడిగాడు.

మామ నా మొహంలోకే చూస్తున్నాడు. నేను చదువుకున్నది ఆయన ఇంట్లో ఉండి. "కొలతలో పొరపాటు పడ్డానేమో సార్" అన్నాను.

సాయంత్రం మామ దగ్గరికి వెళ్లాను. "ఎందుకు మామా ఇట్ల చేస్తివి?"

ఆయన తాంబూలం మడుచుకుంటూ, "ఆ వీధంతా బస్సెక్కి మిల్లుకి పోతే నా పత్తి ఎవురు తీసేది? నువ్వు తీస్తావా?" అన్నాడు. "నీ బస్సు నీకు వచ్చె కదరా. ఇంకేం?"

ఆ వీధిని నా చేత ఎంచేటప్పుడే ఆయన మనసులో ఈ కంప ఉందని అప్పుడు తెలిసింది.

బస్సు వచ్చింది. అడ్డదారి మూసుకుపోయింది కాబట్టి చివరి వీధివాళ్లు వాగు గట్టు మీదుగా ఊరంతా చుట్టి మామ ఇంటిముందుకు రావాలి. రెండో వారంలో ఒక తెల్లవారుజామున ఆమె మలుపులో పరుగెత్తుతూ కనబడేసరికి బస్సు కదిలింది. బస్సులో ఉన్న నేను ఆపమన్నాను.

"మిల్లు సంగు మనకోసం ఆగుతుందా సార్?" అన్నాడు కండక్టరు.

మిల్లులో ఆ రోజే ఆమె పేరు కొట్టేశారు.

పత్తి తీసే కాలానికి ఆమె మామ చేలో కనబడింది. గట్టున చీర ఉయ్యాల్లో బిడ్డ.

"ఎంచేదానికి మీ కాళ్లు మా వీధికి వచ్చెనే సామీ, చక్రానికి దారి దొరకలేదా?"

"ఆ కంప నేను కట్టలేదమ్మా."

"కంప ఎవురిదో నాకు తెలుసు. నేను నమ్మింది మీ తాడుని" అని మళ్లీ పత్తి మీదికి వంగింది.

అధికారి వచ్చిన నాటి డైరీ ఇప్పటికీ నా దగ్గరుంది. "ఎండ ఎక్కువ. అధికారి వచ్చి వెళ్లారు. కళ్లంలో చోటు చాలదని తేలింది" అని ఉంది. అంతే రాశాను. పక్క పేజీ ఖాళీగానే ఉంది.