గోడవైపు తిరిగిన అమ్మమ్మ

మా చెల్లెలి కూతురి పేరు నేను చెప్పను. చెప్పకూడదు. అది మా అమ్మ పేరు కూడా, మా అమ్మ పోయింది. పోయినవాళ్ళ పేరు మా దగ్గర ఎవరూ పలకరు. అదే పేరున్నవాళ్ళు గుండ్రాయిలా బతికున్నా సరే, వాళ్ళనీ ఆ పేరుతో పిలవరు. అలా పేరు పోగొట్టుకున్నవాళ్ళందరికీ మేం పెట్టేది ఒకటే పేరు, కున్మనార. ఒక ఏడు మా ఊరి ఫుట్‌బాల్ జట్టులో ముగ్గురు కున్మనారలు తేలారు. బంతి ఎవరికి వెయ్యమని అరుస్తున్నారో ఎవరికీ అర్థం కాక చిత్తుగా ఓడిపోయి, తప్పంతా రిఫరీ మీదకి నెట్టేసి ఇంటికొచ్చారు.

కాబట్టి నేనూ ఈ పిల్లని కున్మనార అనే అంటాను. ఆస్ట్రేలియా నడిబొడ్డున, ఆలిస్ స్ప్రింగ్స్‌కి చాలా దూరాన ఉన్న మా ఆదివాసీల ఎర్రమట్టి ఊళ్ళో పుట్టింది. ఇప్పుడు ఊరి కొట్టులో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది. కొనడానికి వచ్చినవాళ్ళు దానికి బొమ్మలు గీయడం వచ్చని మర్చిపోయారు. నేను మర్చిపోలేదు.

చిన్నప్పుడు దానికి ఖాళీ జాగా కనిపిస్తే చాలు, ఎవరిదో ఒకరి ముఖం గీసేసేది. సిగరెట్ పెట్టెల మీద, దుమ్ము పట్టిన టొయోటా అద్దాల మీద, ఆఖరికి క్లినిక్ గోడ మీద కూడా. ఉన్నది ఉన్నట్టు గీసేది, అదీ గొడవ. "మావయ్య ముక్కు అంత లావా? ఆయన చూస్తే నా పరువేం కాను!" అని మా చెల్లెలు రోండా దాని వీపు మీద ఒక్కటి వేసేది. మా అమ్మ మాత్రం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వేది. "ముక్కుని వదిలెయ్యవే. ఆ ముక్కు వాళ్ళ నాన్నది, వాడిది కూడా కాదు."

మా అమ్మా గీసేది. ఊళ్ళో ముసలమ్మలందరూ ఒక షెడ్డులో కూర్చుని చుక్కలు చుక్కలుగా నేల కథలు గీస్తారు, ఏ కొండ ఏ గుంట ఎలా పుట్టిందో చెప్పే తాతల నాటి కథలు. ఎవరి నేల కథ వాళ్ళది. చూసి నచ్చిందని ఎవరు పడితే వాళ్ళు గీయడానికి వీల్లేదు, పెద్దలు పిలిచి ఇవ్వాలి. మా అమ్మది ఒక నీళ్ళగుంట కథ. మనవరాలికి ఎప్పుడిస్తావని అడిగితే, "తొందరేముంది? దాని కన్ను ఇంకా మనుషుల మీదే ఉంది, నేల మీదకి దిగనీ" అనేది.

అలాంటి పిల్లకి అడిలైడ్‌లో బొమ్మల కాలేజీలో సీటొచ్చింది. మూడేళ్ళ డిగ్రీ. మా కుటుంబంలో డిగ్రీ మొహం చూసినవాళ్ళు అప్పటిదాకా లేరు. బస్సెక్కించడానికి ఊరు ఊరంతా వచ్చింది, కుక్కలతో సహా.

ఆఖరి ఏడాదిలోనే అసలు పాట్లు మొదలయ్యాయి. ఆ సంవత్సరమంతా ఒకే పని మీద ఉండి, చివర్న గోడకి వేలాడదీయాలి. ఇద్దరు మాస్టర్లు చూసి మార్కులేస్తారు. మా పిల్ల అమ్మమ్మని గీస్తానంది. అప్పటికి మా అమ్మకి కిడ్నీలు పాడై, డయాలసిస్ కోసం ఊరొదిలి ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఉంటోంది, తోడుగా నేను. సెలవు దొరికితే చాలు, పిల్ల వెళ్ళి ఆ మిషన్ పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చునేది. మిషన్ కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్న అమ్మమ్మ. నిప్పుల్లో కాల్చిన కంగారూ తోకని రెండు చేతులా పట్టుకున్న అమ్మమ్మ. పేకముక్కలు దాచేసి అమాయకంగా మొహం పెట్టిన అమ్మమ్మ. మనిషెత్తు బొమ్మలు ఏడు. అవి గీస్తుండగా ఓసారి అడిలైడ్ వెళ్ళి నేను చూశాను. ఆ పేకముక్కల బొమ్మ ముందు నిలబడితే ఎదురుగా ఉన్న మనిషిని తిట్టబుద్ధేసేది, అంత బాగా దొంగాట ఆడుతోంది.

మాస్టర్లలో ఒకాయన పేరు రసెల్. ఇంకొకావిడ ఇంగ్రిడ్. చెడ్డవాళ్ళని అనను. చెడ్డవాళ్ళైతే తిట్టి ఊరుకునేదాన్ని.

పిల్ల ఫోన్ చేసి రసెల్ గొంతుని అచ్చు గుద్దినట్టు అనుకరించి చెప్పేది. "ముఖాలు గీయడానికి కెమెరాలున్నాయి కదా అన్నాడు పెద్దమ్మా. ఇది వందేళ్ళ కిందటి పనట."

"మీ అమ్మమ్మకి డెబ్భై ఏళ్ళు కూడా లేవని చెప్పకపోయావా?"

"ఇంగ్రిడ్ ఇంకోటంది. ఇందులో నీ జాతి ఎక్కడుంది, నీ వాళ్ళ చుక్కలెక్కడున్నాయి, ఈ బొమ్మలు ఎవరైనా గీయగలరు అంది."

"చుక్కలు నీకింకా ఇవ్వలేదని చెప్పు."

"చెప్పాను. ఆ అడ్డంకి గురించే గీయి, బాగుంటుంది అంది."

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. పక్కనే ఉన్న మా అమ్మ ఫోన్ లాక్కుంది. "ఏమే, వాళ్ళకి నా ముఖం నచ్చలేదా? మీ తాతకీ మొదట్లో నచ్చలేదు. ఆ మాస్టర్లకి తిండి పెట్టావా? ఆకలి మీదున్నవాడికి ఏదీ నచ్చదు. రొట్టె కాల్చి పట్టుకెళ్ళు."

పిచ్చిపిల్ల నిజంగానే పట్టుకెళ్ళింది. మర్నాడు మళ్ళీ ఫోన్. "తిన్నారు అమ్మమ్మా. చాలా బాగుందన్నారు."

"చూశావా!"

"రొట్టె."

మొదట్లో ఇలా నవ్వుకునేవాళ్ళం. నెలలు గడిచేకొద్దీ దాని గొంతులో నవ్వు తగ్గిపోయింది. రసెల్‌ని అనుకరించడం మానేసింది. ఫోన్ చేసి ఊరికే ఊపిరి పీలుస్తూ ఉండేది. మిగతా పిల్లల దగ్గర అరగంట నిలబడే మాస్టర్లు దీని దగ్గరికొచ్చి వాచీ చూసుకుంటున్నారట. ఒకరోజు, ఇలాగే పెడితే పాస్ చేయడం కష్టమని రసెల్ చెప్పేశాడు. ఆ సాయంత్రం అది కత్తి తీసుకుని ఒక బొమ్మలో అమ్మమ్మ చెంప గీకేసింది. గీకేసి, కూర్చుని ఏడ్చి, మళ్ళీ గీసింది. మూడేళ్ళు వాళ్ళ నోటినుంచి ఒక్క మంచి మాట కోసం చూసిన పిల్ల అది. డిగ్రీ కాగితం వచ్చినా రాకపోయినా దానికి పెద్ద పట్టింపు లేదు. ఆ ఇద్దరిలో ఒక్కరైనా అమ్మమ్మ ముఖం ముందు ఆగాలి, అంతే.

ఆ సంగతి మా అమ్మకి అర్థమైంది. "నేనే వస్తాను. వచ్చి ఆఖరి రోజు నా బొమ్మ పక్కన నిలబడతాను. ఇద్దర్నీ కలిపి చూసి అప్పుడు చెప్పమను నచ్చలేదని" అంది. ఉత్త మాట కాదు. అడిలైడ్‌లో ఆ వారానికి మిషన్ దగ్గర చోటు మాట్లాడించింది. పువ్వుల గౌను కొనిపించింది. డయాలసిస్ గదిలో నర్సులందరికీ, నేను బొమ్మల కాలేజీకి పోతున్నానని చాటింపు వేసింది. ఆ కబురుతో పిల్ల ప్రాణం లేచొచ్చింది. రాత్రీ పగలూ పని చేసి ఏడు బొమ్మలూ పూర్తిచేసి గోడకెక్కించింది.

ప్రయాణం ఇంకో వారం ఉందనగా మా అమ్మ మిషన్ కుర్చీలోనే పోయింది.

పిల్లకి ఫోన్ నేనే చేశాను. కబురు విని అది సరాసరి కాలేజీకి వెళ్ళిందట. మావాళ్ళెవరైనా చేసే పనే చేసింది. పోయిన మనిషి ముఖం కళ్ళపడకూడదు, ఏడుపు రోజులు తీరేదాకా ఫోటోలు సైతం దాచేస్తాం. ఏడు బొమ్మల్నీ ఒక్కొక్కటే దింపి, గోడవైపు తిప్పి మళ్ళీ తగిలించింది. పక్కనున్న చీటీల మీద తన పేరు, అంటే అమ్మమ్మ పేరు, ఏడింటినీ చించేసింది. బస్సెక్కి వచ్చేసింది.

మేం చేయాల్సినవన్నీ చేశాం. అమ్మ ఇల్లు ఖాళీ చేసి పొగ పెట్టాం, జుట్లు కత్తిరించుకున్నాం, ఏడ్చాం. ఊరంతా దాన్ని కున్మనార అని పిలవడం మొదలెట్టింది. పిలిచిన ప్రతిసారీ అది కొంచెం ఆలస్యంగా తలెత్తేది.

సమాధి అయ్యాక బొమ్మలు తెచ్చుకోవాలని నేనూ అదీ కారులో అడిలైడ్ వెళ్ళాం. "ఫెయిలే పెద్దమ్మా. పోనీలే, సామాను సర్దుకొచ్చేద్దాం" అంది దారిలో.

హాలు తలుపు తీసేసరికి రసెల్, ఇంగ్రిడ్ ఆ గోడ ముందే ఉన్నారు. ఏడు బొమ్మల వీపులు. చెక్క చట్రాలు, మేకులు, ముడతలు పడ్డ గుడ్డ, అంతే. ఇంగ్రిడ్ కళ్ళు తుడుచుకుంటోంది. రసెల్ దీన్ని చూడగానే గబగబా వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మూడేళ్ళుగా నేను నీ దగ్గర ఎదురుచూసింది ఇదే. ఎంత ధైర్యం! చూపించకుండానే అంతా చెప్పేశావు."

పిల్ల నా మొహం చూసింది. దానికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది, అర్థం కాకపోయినా బాగుండేది.

"ఇది ధైర్యం కాదయ్యా, మా అమ్మ పోయింది" అన్నాను. "ముఖం కనపడకూడదని తిప్పింది. మా ఇళ్ళల్లో అందరం చేస్తాం."

"అదే, అదే నేను చెప్పేది!" అన్నాడు రసెల్.

"మొన్నటిదాకా ఇవి వట్టి బొమ్మలు" అంది ఇంగ్రిడ్ మెల్లగా. "ఇప్పుడు చూడండి, ఎంత మాట్లాడుతున్నాయో." అని దాన్ని దగ్గరికి తీసుకుని ఓదార్పుగా పేరు పెట్టి పిలిచింది. మా అమ్మ పేరు. పిల్ల ఒళ్ళంతా బిగుసుకుపోయింది.

ఆ చేతుల్లోంచి విడిపించుకుని అడిగింది. "ఏడుపు రోజులు అయ్యాక మళ్ళీ ఇటు తిప్పుతాం. అప్పుడు వచ్చి చూస్తారా? ఇద్దరూ?"

రసెల్ బెంబేలెత్తిపోయాడు. "తిప్పొద్దు, దయచేసి తిప్పొద్దు. తిప్పితే ఇంకేం మిగలదు."

ఆ మాట అన్నప్పుడు దాని మొహం నేను చూశాను. మా అమ్మ సమాధి దగ్గర కూడా అది అలా లేదు.

క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు దానికే వేశారు. కాలేజీ నడవాలో ఒక వీపు పెట్టుకుంటామని అడిగారు కూడా. నేనే అడ్డం తిరిగి ఏడూ కారు మీద కట్టించాను. దారిలో పెట్రోలు బంకులో పిల్లకి టీ ఇప్పిస్తే చేతిలో పట్టుకుని చల్లార్చేసింది. ఇంటికొచ్చాక రోండా ఆ మార్కుల సంగతి ఊరంతా చెప్పుకుంది. కన్నతల్లి సంతోషాన్ని నేనెందుకు పాడుచేయాలని ఊరుకున్నాను.

ఆ తర్వాత అది కుంచె పట్టుకోలేదు. షెడ్డులో ముసలమ్మలు రమ్మని కబురుపెట్టారు, రంగులిస్తామన్నారు. నడుం నొప్పి అంది. పాతికేళ్ళ పిల్లకి నడుం నొప్పి! కొట్టులో చేరింది. కొనేవాళ్ళ ముఖంలోకి చూడదు, డబ్బాల మీద ధరలు చూస్తుంది.

పోయిన చలికాలంలో పెద్దవాళ్ళం కూర్చుని, ఏడుపు రోజులు తీరాయి, ఇక ఫోటోలు బయటికి తీయొచ్చు అనుకున్నాం. రోండా ఇంటి వెనక గదిలో ఏడు బొమ్మలూ గోడకి మొహం పెట్టి అలాగే ఉన్నాయి. నాకు అమ్మని చూడాలని ఎంత ఉందో నోటితో చెప్పలేను. పిల్లని కొట్టునుంచి లాక్కొచ్చాను. "నువ్వు గీశావు, నువ్వే తిప్పాలి. ఓ చెయ్యి వెయ్యి" అన్నాను. అది గడపలోనే నిలబడిపోయింది. సరేనని నేనే ముందు బొమ్మ చట్రం అంచు పట్టుకున్నాను.

అది వచ్చి నా మణికట్టు పట్టుకుంది. కోపం లేదు, ఏడుపూ లేదు. నాకు తెలియని సంగతేదో ఓపిగ్గా చెప్తున్నట్టు చెప్పింది.

"తిప్పకు పెద్దమ్మా. అటువైపు ఏమీ లేదు."

అన్నది ఎవరో అయితే నాలుగు తిట్టి తిప్పేసేదాన్ని. గీసిన చెయ్యే వద్దంటుంటే ఎలా తిప్పను? చట్రం వదిలేసి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. అది కొట్టుకి వెళ్ళిపోయింది. అటువైపు మా అమ్మ ఉంది.