ఫహ్మీదా బుట్టగౌను

ఉద్యోగం పోయిందంటే ఫహ్మీదా ‘సరే’ అంది. ఆఫీసులో టీమ్ మొత్తాన్నీ తీసేశారు. మిగతావాళ్లు కళ్లు తుడుచుకుంటుంటే తను మాత్రం ట్రైనెక్కి శివారు బ్లాక్‌టౌన్‌లోని అన్న ఇంటికొచ్చి, అన్నం తిని పడుకుంది. వీసా సంగతి చెప్పలేమన్నారు. దానికీ సరే. ఒంగోలు నుంచి తల్లి ఫోన్‌లో గొల్లుమంటే దానికీ సరే. ఏం పిల్లమ్మా, ఉలకదూ పలకదూ!

కదిలింది ఒక్కచోటే. ఓ ఆదివారం సిటీలో జపాన్ ఫ్యాషన్‌లో ముస్తాబైన అమ్మాయిలు ఎదురయ్యారు. లేసులు, రిబ్బన్లు, బొమ్మల్లా బుట్టగౌన్లు. నెలకోసారి అలా తయారై కలిసి టీ తాగుతారట. ఉద్యోగం ఏమైందని ఎవరూ అడగరు. ఫహ్మీదా ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చుంది. గులాబీ రంగు గౌను, దానికి పొడుగు చేతులు, అదే గుడ్డతో తలకి స్కార్ఫు, లోపల గంపలా నిలబడే నెట్ లంగా. అది వేసుకున్న రోజే తను బతికున్నట్టు తెలిసేది. మిగతా రోజులు వచ్చేవి, పోయేవి.

అన్న అనస్‌కి ఆ గౌనంటే మంట. “పెళ్లివాళ్ల కంట పడనియ్యకు” అన్నాడు. సరే అంది.

పెళ్లివాళ్లు రానే వచ్చారు. వేరే రాష్ట్రంలోని క్లైడ్ నార్త్ నుంచి తబస్సుం ఆంటీ, కొడుకు కోసం. మాటల మధ్యలో నమాజు వేళైతే ఆంటీ లేచి ఫహ్మీదా గదిలోకి వెళ్లింది. చదువుకుని, అక్కడ వేలాడుతున్న గులాబీ గౌను చూసి బయటికొస్తూ, “ఆ గౌను ఎంత ముద్దుగా ఉందో! ఏ పాపదమ్మా?” అంది.

వదిన కహకషాన్ తడుముకోలేదు. “పక్కింటి పాపకని కుట్టింది ఆంటీ. మీకు నచ్చింది కదా, మీ మనవరాలికి తీసుకెళ్లండి.”

చుట్టం మెచ్చిన వస్తువు ఇంట్లో ఉంచుకోకూడదు, వాళ్ల ఇంటి మర్యాద అది. ఆంటీ వద్దంది. తీసుకోవాల్సిందేనని అనస్ ఒట్టు పెట్టాడు. ఆంటీ మళ్లీ వద్దని, ఆ తర్వాత కవరు అడిగింది.

“లోపలి లంగా కూడా తెచ్చియ్యవే” అంది వదిన. ఫహ్మీదా వెళ్లి తెచ్చి ఇచ్చింది. చేతులు ఎవరివో అన్నట్టుగా ఉన్నాయి.

ఆంటీ నడుం దగ్గర కొలిచి చూసింది. “మా పిల్లకి కాస్త వదులు. కట్ చేసి కుట్టిస్తాలే.”

“కట్ చెయ్యొద్దు ఆంటీ” అంది ఫహ్మీదా. “అది నాది. నేనే వేసుకుంటా.”

“జోక్ చేస్తోంది ఆంటీ” అని అనస్ నవ్వబోయాడు.

“జోక్ కాదు భాయ్.”

ఆంటీ కవరు సోఫాలో పెట్టి, టీ సగంలోనే వదిలి లేచింది. కారు వెళ్లిపోయింది.

“పరువు తీశావు గదే!” అనస్ అరిచాడు. “నీకు అసలు ఏం కావాలి? పెళ్లా, ఆ గౌనా?”

ఫహ్మీదా కవరు ఒళ్లోకి తీసుకుంది.

“నాకంటూ ఒకటి కావాలనిపించి ఎన్నాళ్లయిందో తెలుసా భాయ్?” అంది. “గౌనే కావాలి.”